ఆ కొండకి వాగులెక్కడ?

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో ఒక రోజు, అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం దక్షిణ భాగంలో కారులో వెళ్తున్నాం. బండి నడుపుతున్నది కాలేజీలో నాకు సీనియర్, నేను అన్నా అని పిలిచే ఆయన. జియోటెక్ ఇంజనీరు. అప్పలేచియన్ కొండల్లో మట్టికట్టలు నిలబడతాయో జారతాయో లెక్క కట్టడమే 20 ఏళ్లుగా ఆయన పని. ఒక మలుపు తిరగగానే ఎడమ పక్కన పెద్ద పచ్చటి వాలు కనిపించింది. మెట్లు మెట్లుగా, ఒక్కో మెట్టూ కొలిచి కోసినట్టుగా ఉంది. పైనుంచి కిందిదాకా గడ్డి. మధ్యలో రాళ్లు పేర్చిన కాలవ ఒకటి తాడు పట్టి గీసినట్టు తిన్నగా దిగుతోంది. కొన్నేళ్ల కిందటి దాకా అక్కడ బొగ్గు గని ఉండేదట.

"ఎంత బాగా సర్దారన్నా! గని ఉండేదంటే ఎవరూ నమ్మరు" అన్నాను.

ఆయన బండి పక్కకి తీసి ఆపారు. "ఆ కొండకి వాగు ఎక్కడుందో చూపించమ్మా" అన్నారు.

చూశాను. చుట్టూ ఉన్న మామూలు కొండల్లో చూపు ఎక్కడ పెట్టినా ఒక మడత ఉంది. ప్రతి మడతలోనూ చెట్లు కాస్త గుబురుగా ఉన్నాయి. చేతిని బల్ల మీద బోర్లా పెట్టి వేళ్లు విడదీస్తే మధ్యలో సందులు వస్తాయి చూడండి, ఆ కొండలన్నిటికీ అలాంటి సందులున్నాయి. నీళ్లు దిగేది ఆ సందుల్లోంచే. ఈ పచ్చటి వాలుకి మాత్రం ఒక్క సందు కూడా లేదు. ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంది.

"ఎత్తు సరిపోయింది, గట్టిదనం సరిపోయింది, గడ్డి మొలిచింది. కాగితం మీద ఇది కొండే" అన్నారు ఆయన, బండి మళ్లీ స్టార్ట్ చేస్తూ.

ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే నేను చేసే పని కూడా అదే కోవలోది. గోదాములకీ ఇళ్ల వెంచర్లకీ సైట్ గ్రేడింగ్ డ్రాయింగులు గీస్తాను. రోజంతా నా తెర మీద కాంటూరు గీతలే. నేల ఎత్తుపల్లాలని కాగితం మీద గీతలుగా మార్చి, ఆ గీతలని నాకు అనుకూలంగా జరుపుతూ బతుకుతున్న మనిషిని. అందుకే ఈ వ్యాసంలో ఒకే ఒక్క మాట వాదించాలని ఉంది: బొగ్గు తీసేశాక నేలకి పాత రూపం ఇవ్వడమంటే ముందుగా నీటికి పాత దారి ఇవ్వడం. ఎత్తు ఆ తర్వాత సంగతి. పాత ఎత్తు రాకపోయినా నేల బతుకుతుంది. వాగులు రాకపోతే బతకదు.

వాక్యంలో రెండో సగం

అమెరికా ఉపరితల గనుల చట్టం మీద జిమ్మీ కార్టర్ 1977 ఆగస్టు 3న సంతకం చేశారు. అంతకుముందు 1974లో, 1975లో ఇలాంటి బిల్లులనే జెరాల్డ్ ఫోర్డ్ వెనక్కి తిప్పారు. అంటే అంత సులువుగా వచ్చిన చట్టం కాదు. ఈ చట్టానికి గుండెకాయ లాంటి మాట 'దాదాపు అసలు రూపం'. తవ్వినవాడు వెళ్లిపోయేలోపు నేలని దాదాపు దాని అసలు రూపానికి తేవాలి.

ఆ ట్రిప్పు నుంచి వచ్చాక చట్టంలో ఆ నిర్వచనం తీసి చదివాను. ఒకే పొడుగాటి వాక్యం. మొదటి సగం ఏమంటుందంటే, తిరిగి పూడ్చి చదును చేశాక నేల, గని తవ్వకముందు ఎలా ఉండేదో స్థూలంగా దాన్నే పోలి ఉండాలి. రెండో సగం ఏమంటుందంటే, చుట్టుపక్కల నేలలో నీళ్లు పారే తీరుతో అది కలిసిపోవాలి, ఆ తీరుకి తోడు కావాలి. చివర్లో, గోడలా నిలిచిన హైవాల్స్ గానీ తవ్విపోసిన మట్టిగుట్టలు గానీ మిగలకూడదని.

నీళ్లు పారే తీరు! 1977లోనే రాసి పెట్టారు. నేనేదో కొత్త సంగతి కనిపెట్టానని అనుకుంటుంటే అది చట్టంలోనే, కామా పక్కనే ఉంది. కానీ ఆచరణలోకి వచ్చేసరికి మొదటి సగమే మిగిలింది. దానికి కారణం కూడా ఊహించగలను. ఎత్తుని కొలవచ్చు. వాలుని కొలవచ్చు. పూడ్చిన మట్టి జారిపోకుండా ఉండటానికి భద్రతా గుణకం 1.3 ఉండాలని, అంటే జార్చే బలంకన్నా నిలబెట్టే బలం 1.3 రెట్లు ఉండాలని నిబంధన ఉంది, దాన్నీ లెక్క కట్టవచ్చు. 'నీళ్లు పారే తీరుకి తోడు కావడం' అనేదాన్ని ఏ టేపు పెట్టి కొలుస్తారు? తనిఖీకి వచ్చిన మనిషి చేతిలో ఉన్న ఫారంలో దానికి ఏ గడి ఉంటుంది? కొలవలేనిది నెమ్మదిగా అలంకారం అయిపోతుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ ఉండక్కర్లేదు.

నిజానికి కొలవలేనిదేమీ కాదు. ఒక చదరపు మైలు నేలలో మొత్తం ఎన్ని మైళ్ల పొడవున వాగులూ వంకలూ ఉన్నాయో లెక్క కట్టవచ్చు. గనికి ముందు ఎంత, తర్వాత ఎంత అని పోల్చవచ్చు. అమెరికా జియలాజికల్ సర్వే పాత కాంటూరు మ్యాపులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మేం బండి ఆపిన చోటి మ్యాపు తీసి, దాని పక్కన ఇప్పటి లైడార్ చిత్రం (విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తులు కొలిచి తీసేది) పెట్టి ఒక ఆదివారం కూర్చున్నాను. పాత మ్యాపులో ప్రతి గీతా వాగు దగ్గరికి రాగానే పైకి వంగి, మళ్లీ కిందికి దిగి, పక్క వాగు దగ్గర మళ్లీ వంగింది. కుట్టు మిషన్ మీద జిగ్‌జాగ్ కుట్టులా. ఆ ఒక్క వాలులో తొమ్మిది వంకలు లెక్కపెట్టాను. కొత్త చిత్రంలో గీతలన్నీ రూళ్ల పుస్తకంలా ఒకదాని కింద ఒకటి సమాంతరంగా ఉన్నాయి. వంకలు సున్నా. రాళ్లు పేర్చిన కాలవ ఒకటి.

తవ్విన మట్టి అదే గుంతలో పట్టదు

స్థలం కొనేముందు గుంత తవ్వి, అదే మట్టితో పూడ్చి, మట్టి మిగిలితే మంచి నేల అని చూసే పద్ధతి మన పెద్దవాళ్లకి ఉండేది. వాస్తు నమ్మినా నమ్మకపోయినా అందులో ఒక భౌతిక సత్యం ఉంది. బిగుతుగా ఉన్న నేలని కదిలిస్తే ఉబ్బుతుంది. మెత్తటి మట్టి విషయంలోనే అలా ఉంటే, పేల్చిన బండరాయి సంగతి చెప్పేదేముంది. ముక్కకీ ముక్కకీ మధ్య గాలి చేరి పరిమాణం ఐదో వంతో, అంతకన్నా ఎక్కువో పెరుగుతుంది. డోజర్లతో ఎంత తొక్కించినా పూర్తిగా తగ్గదు.

అప్పలేచియాలో బొగ్గు పొరలు పలచన, వాటి మీద రాయి మందం. తీసిన బొగ్గుకన్నా ఉబ్బిన రాయి చాలా ఎక్కువ. అంతా తిరిగి కొండ మీద పెడదామంటే పట్టదు, నిలబడదు. మిగిలిన దాన్ని పక్క లోయ తలలో పోస్తారు. దాన్నే వ్యాలీ ఫిల్ అంటారు. లోయ తల అంటే వాగు పుట్టే చోటు. 1985 నుంచి 2001 వరకు ఈ ప్రాంతంలో 724 మైళ్ల వాగులు ఇలా పూడిపోయాయని ప్రభుత్వమే 2005లో తన పర్యావరణ నివేదికలో లెక్క చెప్పింది.

2016లో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దక్షిణ వెస్ట్ వర్జీనియాలో 11,500 చదరపు కిలోమీటర్ల మేర ఎత్తులు పోల్చి చూశారు. గని తవ్విన నేలల్లో వాలు దాదాపు 10 డిగ్రీలు తగ్గింది. సగటు ఎత్తు మాత్రం 3 మీటర్లు పెరిగింది! మొత్తం 1,544 లోయల్లో 6.4 ఘన కిలోమీటర్ల పగిలిన రాయి పోసి ఉంది. ఇది చదివినప్పుడు కాసేపు కదల్లేకపోయాను. కొండల్ని కోసేశారు అని అందరం అంటాం కదా, లెక్క చూస్తే ఆ ప్రాంతం పైకి లేచింది. శిఖరాలు దిగాయి, లోయలు పూడాయి, మధ్యలో అంతా పళ్లెంలా తయారైంది. ఎత్తు ఒక్కదాన్నే పట్టుకుంటే మనం ఎంత మోసపోతామో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పశ్చిమాన ఉన్న వ్యోమింగ్ రాష్ట్రంలో కథ పూర్తిగా తిరగబడుతుంది. పౌడర్ రివర్ బేసిన్‌లో బొగ్గు పొర ఒక్కోచోట 60 నుంచి 100 అడుగుల మందం. పైనున్న మట్టి దానితో పోలిస్తే తక్కువ. బొగ్గు తీసేశాక ఎంత ఉబ్బినా గుంత నిండదు. నేల పాత ఎత్తుకన్నా కిందికే ఉంటుంది. చట్టం కూడా ఈ తేడాని గుర్తించి పలచటి మట్టికి ఒక నియమం, మందపు మట్టికి ఇంకో నియమం పెట్టింది. ఒకచోట మిగులు, ఇంకోచోట తరుగు. కాబట్టి పాత ఎత్తు అనేది అసలు ఎవరూ కచ్చితంగా తిరిగి ఇవ్వలేని వస్తువు. వ్యోమింగ్‌లో మాత్రం దిగిపోయిన నేల మీద కూడా మెల్లగా ఒంపులు తిరిగే వాగుని గీయవచ్చు, దాన్ని కింద ఉన్న పాత వాగుకి కలపవచ్చు. ఎత్తు పోయినా నీటిదారి ఉంటుంది. నా వాదన అంతా ఇక్కడ నిలబడి ఉంది.

నేను గీసిన గట్టు

ఇక నా సొంత అనుభవం. గనితో సంబంధం లేదు, కానీ నాకు అర్థమైంది అక్కడే. కొన్నేళ్ల కిందట ఒక గోదాము సైట్‌లో వాననీటి చెరువు పక్కన ఎత్తైన గట్టు గీశాను. మూడుకి ఒకటి వాలు, అంటే మూడడుగులు అడ్డంగా పోతే ఒక అడుగు దిగేది. మధ్యలో ఒక బెంచీ, అంటే మెట్టు. పైన పడ్డ నీళ్లు బెంచీ మీద ఆగి, పక్కకి పారి, చివర్న ఉన్న పైపులో పడాలి. లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి. పర్మిట్ వచ్చింది, కట్టారు, గడ్డి వేశారు.

రెండో ఏడాది ఒక పెద్ద వాన తర్వాత ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే గట్టు మధ్యలో ఒక గండి. నేను అందులో దిగి నిలబడితే మోకాళ్లు దాటింది. రెండు పక్కలా మట్టి కేకు కోసినట్టు నిలువుగా తెగి ఉంది. లోపలి మట్టి ఇంకా తడిగా, వేలు పెడితే జారిపోతోంది. గండి వెంబడి పైకి నడిచాను. అది బెంచీ దగ్గర మొదలైంది. సరిగ్గా అక్కడ బెంచీ అంచు నాలుగంగుళాలు కుంగింది. అంతే, నాలుగంగుళాలు! పోసిన మట్టి ఎంత తొక్కించినా ఎక్కడో ఒక చోట కాస్త కుంగుతుంది. బెంచీ పొడుగునా చేరిన నీళ్లన్నీ ఆ ఒక్క లోతు వెతుక్కుని, అంచు దాటి, ఒకే చోటు నుంచి కిందికి దూకాయి. నీరు పల్లమెరుగు అని చిన్నప్పుడు చదువుకున్న మాటే. నేను ఆ పల్లాన్ని గీయలేదు కాబట్టి నీరే తవ్వుకుంది.

బెంచీల్లో ఉన్న చిక్కు ఇది. వాలు మీద పలచగా పరుచుకుని దిగే నీటిని అవి పోగుచేస్తాయి. అంతా బాగున్నన్నాళ్లు పోగైన నీళ్లు కాలవలోకి పోతాయి. ఒక్కచోట పూడినా, కుంగినా, పందికొక్కు బొరియ చేసినా పోగైన బలమంతా అక్కడే పడుతుంది. గోదాము గట్టుకి యజమాని ఉన్నాడు, మరమ్మతు చేయించాడు. ఆ ఖర్చు విషయంలో చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు. పూచీగా కట్టిన బాండ్ వెనక్కి తీసుకుని గని కంపెనీ వెళ్లిపోయిన కొండ మీద, 50 ఏళ్ల తర్వాత, బెంచీ కుంగితే ఎవరికి ఫోన్ వెళ్తుంది?

మామూలు కొండని గమనించండి. పైభాగం ఉబ్బెత్తుగా మొదలవుతుంది, కింద పల్లంగా, తొట్టెలా మారుతూ వాగులో కలుస్తుంది. నీళ్లు పోగయ్యేకొద్దీ వాలు తగ్గుతుంది. ఎక్కువ నీళ్లున్న చోట తక్కువ వాలు, తక్కువ నీళ్లున్న చోట ఎక్కువ వాలు. కోతకి అవకాశం ఇవ్వని లెక్క అది, వేల ఏళ్ల వానలు గీసిన డ్రాయింగు. మనం పైనుంచి కిందిదాకా ఒకటే వాలు స్కేలు పెట్టి గీస్తాం. నీళ్లు ఎక్కువ చేరిన అట్టడుగున కూడా వాలు తగ్గదు. అక్కడే కోసుకుపోతుంది.

నీటిని అడిగి గీసిన నేల

ఇలా ఆలోచించి పని చేసిన చోట్లు లేకపోలేదు. న్యూ మెక్సికో వాయవ్య మూలలో లా ప్లాటా, శాన్ వాన్ గనుల్లో నికొలస్ బుగోష్ అనే భూరూప శాస్త్రవేత్త జియోఫ్లూవ్ అనే పద్ధతి వాడారు. ముందుగా దగ్గర్లో చెక్కుచెదరని నేలని కొలుస్తారు. అక్కడ వాగులు ఎంత దగ్గరగా ఉన్నాయి, ఎన్ని మలుపులు తిరుగుతున్నాయి, ఒక్కో పాయ ఎంత నేల నీళ్లు మోస్తోంది అని. ఆ కొలతలతో గని మీద ముందు వాగులు గీస్తారు. వాగులకి తగ్గట్టు కొండ వెన్నులు, వాటికి తగ్గట్టు వాలులు వాటంతట అవే వస్తాయి. డోజర్‌లో జీపీఎస్ ఉంటుంది కాబట్టి డ్రైవరు తెర మీద ఒంపుని చూస్తూ ఆ ఒంపునే తీయగలడు. ఒకప్పుడు తిన్నటి గీత గీయడానికి ఉన్న అసలు సాకు, మెషీన్లతో ఒంపులు తీయడం కష్టం అనేది. ఆ సాకు ఇప్పుడు లేదు.

నేను ఆ ప్రాంతానికి పోయిన శరదృతువులో వెళ్లాను. రోడ్డు మీద నుంచే చూశాను, లోపలికి వెళ్లే అనుమతి లేదు. ఏది గని నేల, ఏది మామూలు నేల అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. చిన్న చిన్న వెన్నులు, వాటి మధ్య ఇసుక వాగులు, నీడ పడే పక్క పొదలు కాస్త ఎక్కువ, ఎండ పడే పక్క తక్కువ. ఆ నీడ సంగతి నేను ముందు ఊహించలేదు. నేలకి మడతలుంటే నీడ వస్తుంది, నీడ ఉన్నచోట తేమ ఆగుతుంది, తేమ ఉన్నచోట వేరే మొక్క వస్తుంది. ఒకే వాలుగా ఇస్త్రీ చేసిన నేలలో ఒకే ఎండ, ఒకే గడ్డి.

ఇంతా చెప్పి ఇంకో మాట దాచకూడదు. న్యూ మెక్సికో ఎడారి లాంటి చోటు, కొండలు చిన్నవి, స్థలం విశాలం. అదే పద్ధతిని అప్పలేచియాలోకి తీసుకెళ్దామంటే ఆయన, అంటే మా సీనియర్, తల అడ్డంగా ఊపారు. "అక్కడి లోయలు ఇరుకమ్మా. తొట్టెలా పల్లంగా వాలు దించాలంటే కింద చోటు కావాలి. ఆ చోటు ఎక్కడుంది? కింది వాగులో. ఒక వాగుని గీయడానికి ఇంకో వాగుని పూడుస్తావా?" అన్నారు. పైగా నిటారుగా ఉండే సహజ వాలుల్ని వదులు రాతితో కడితే అవి జారవని హామీ ఇవ్వలేమట. బండరాయి నిలబడ్డ వాలులో పగిలిన రాయి నిలబడదు. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నిటారు కొండల్లో ఏ పద్ధతితోనైనా కొంత నష్టం తప్పదు. అయితే దాన్నుంచి నేను తీసుకునే అర్థం వేరు. వాగుల్ని తిరిగి ఇవ్వలేని చోట తవ్వడానికి పర్మిట్ ఇవ్వాలా వద్దా అన్నది అక్కడే, మొదట్లోనే తేలాలి.

చదును నేల కావాలనేవాళ్లు

నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన వాదన ఇంజనీర్ల నుంచి రాలేదు. ఆ కొండల్లో బతికేవాళ్ల నుంచి వచ్చింది. అక్కడ ఇల్లు కట్టుకోవడానికి చదును నేల ఉండదు. ఉన్న కాస్తా వాగు ఒడ్డునే. అందుకే రోడ్డు, ఇళ్లు, బడి అన్నీ లోయ అడుగున ఇరుక్కుని ఉంటాయి. 2022 జులై చివర్లో తూర్పు కెంటకీలో వరదలు వచ్చి 40 మందికి పైగా చనిపోయారు. ఇళ్లకి ఇళ్లే కొట్టుకుపోయాయి. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కొత్త ఇళ్లు ఎక్కడ కట్టాలని వెతికితే, వరద అందని ఎత్తులో చదునుగా దొరికింది పాత గని నేలలే. నాట్, పెర్రీ కౌంటీల్లో అలాంటి చోట్ల కాలనీలు కట్టడం మొదలుపెట్టారు. ఇల్లు పోయిన కుటుంబం దగ్గరికి వెళ్లి 'ఈ కొండని పాత రూపానికి తెచ్చి ఉండాల్సింది' అని నేను అనగలనా? అనలేను.

చట్టం కూడా దీనికి దారి వదిలింది. శిఖరాన్ని పూర్తిగా తీసేసే గనుల్లో, పరిశ్రమకో ఇళ్లకో వ్యవసాయానికో ప్రజా అవసరానికో వాడతామంటే పాత రూపం నుంచి మినహాయింపు ఉంది. వెస్ట్ వర్జీనియాలో మింగో కౌంటీ హైస్కూలు అలాంటి నేల మీదే ఉంది. మినహాయింపు తప్పు కాదు. దాన్ని వాడిన తీరులోనే తప్పంతా. 2010లో గనుల్ని వ్యతిరేకించే పర్యావరణ సంస్థలు 410 పూర్తయిన స్థలాల చిత్రాలు పరిశీలిస్తే, దాదాపు 90 శాతం చోట్ల పచ్చిక, అడవి తప్ప ఏ ఆర్థిక వాడకమూ కనిపించలేదు. ఆ సంస్థలకి తమ పక్షం ఉందని తెలిసే చెబుతున్నాను. సగం తగ్గించి లెక్కేసినా అది చిన్న సంఖ్య కాదు. అవసరమైన చదును వేరు, ఖర్చు తగ్గుతుందని వదిలేసిన చదును వేరు.

ఇళ్లు కట్టినచోట కూడా నీటి ప్రశ్న తప్పదు. తొక్కించి గట్టిపరిచిన నేలలో వాన ఇంకదు, కిందికి ఉరుకుతుంది. పైన కాలనీ క్షేమంగా ఉండి, కింద మిగిలిన ఇళ్ల మీదికి అదే నీళ్లు పోతే? పోసిన మట్టి కుంగడం ఇంకో టెన్షన్. కెంటకీలోని మార్టిన్ కౌంటీలో గని నేల మీద ఫెడరల్ జైలు కడుతుంటేనే నేల కుంగింది. న్యూయార్క్‌లోని 'సింగ్ సింగ్' జైలు పేరుని మార్చి, జనం దానికి 'సింక్ సింక్' (కుంగు కుంగు) అని పేరు పెట్టుకున్నారు. చదును నేల కావాలనే మాటని నేను కాదనను. ఆ చదునుకి కూడా నీళ్లు ఎటు పోవాలో ముందు గీయండి అనే అంటాను.

ఆకారం వచ్చినా లోపల?

నా వాదనకి ఇంకో పక్క నుంచి కూడా దెబ్బ తగులుతుంది. వాగులు గీసినంత మాత్రాన వాగు వస్తుందా? అసలు కొండ లోపల ఇసుకరాయి, షేల్, బొగ్గు పొరలు పొరలుగా ఉండేవి. నీరు ఒక పొర మీద ఆగి, పక్కకి జారి, ఊటగా బయటికి వచ్చేది. ఇప్పుడు లోపలంతా కలగాపులగమైన రాతి ముక్కలు. వాన నీరు కొత్తగా పగిలిన ప్రతి రాతి ముఖాన్నీ కడుగుతూ దిగి, లవణాలు, మోతాదు మించితే చేపలకి విషమయ్యే సెలీనియం మోసుకుని అడుగున బయటపడుతుంది. వ్యాలీ ఫిల్ కింది నీటిలో పురుగులు, చేపలు తగ్గడానికి ముఖ్య కారణం ఇదే. పైన ఒంపులు ఎంత అందంగా తీసినా ఈ నీటి రసాయనం మారదు.

ఒప్పుకుంటాను. పైరూపం మొత్తం వైద్యం కాదు. కానీ పైన ఎంత నీరు పారుతుంది, లోపలికి ఎంత దిగుతుంది అనేది పైరూపం మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఇంకోటి, పైపొర విషయంలో ఒక పెద్ద పొరపాటుని ఈ రంగం ఒప్పుకుని దిద్దుకున్న దాఖలా ఉంది. చాలా ఏళ్లు నేల జారకూడదని డోజర్లతో తొక్కించి తొక్కించి, పైన ఫెస్క్యూ గడ్డి చల్లేవారు. పచ్చగా కనిపించేది. చెట్లు మాత్రం వచ్చేవి కావు, వేరు దిగే సందు ఉండేది కాదు. 2004లో అప్పలేచియాలో అడవుల పునరుద్ధరణ కార్యక్రమం మొదలయ్యాక కొత్త పద్ధతి వచ్చింది: పైన కనీసం నాలుగు అడుగులు వదులుగా పోయండి, డోజర్ ఒకటి రెండు సార్లకన్నా నడపకండి, గడ్డి తక్కువ చల్లండి. చూడటానికి గరుకుగా, పని సగంలో వదిలేసినట్టుగా ఉంటుంది. అందులో ఓక్ మొక్కలు పెరుగుతున్నాయి. నున్నగా ఉన్నదే బాగున్నదనే అలవాటుని అక్కడ వదులుకున్నారు. అదే అలవాటుని ఆకారం విషయంలో కూడా వదులుకోమనే నా మాట.

60 శాతం ఎప్పుడు?

ఇదంతా డబ్బు దగ్గరికి వచ్చి ఆగుతుంది. తవ్వే ముందు కంపెనీ బాండ్ కట్టాలి. పూడ్చి, చదును చేసి, నీటి ఏర్పాట్లు చూపించగానే మొదటి దశ. అప్పుడే బాండ్‌లో 60 శాతం దాకా వెనక్కి ఇవ్వవచ్చు. తర్వాత మొక్కలు నిలదొక్కుకుంటే రెండో దశ. చివరి దశకి వాన ఎక్కువ పడే చోట 5 ఏళ్లు, ఏడాదికి 26 అంగుళాలు లేదా తక్కువ పడే చోట 10 ఏళ్లు ఆగాలి.

మొదటి దశ తనిఖీ డ్రాయింగుకీ నేలకీ మధ్య జరుగుతుంది. గీసినట్టు కట్టారా లేదా అని. వాన ఇంకా మాట్లాడలేదు. కానీ పెద్ద మొత్తం వెళ్లిపోయింది. ఆ తర్వాత గండి పడితే డోజర్లని మళ్లీ కొండ ఎక్కించడానికి చేతిలో ఉన్న పట్టు ఎంత? నా గోదాము గట్టు రెండో ఏడాది కోసుకుపోయింది. కట్టిన రోజు అది అచ్చంగా నా డ్రాయింగులానే ఉంది. ఫొటోలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

అందుకే నాకు తోచిన మార్పు ఒక్కటే. ఆ 60 శాతాన్ని రెండు ముక్కలు చేయాలి. సగం చదును చేయగానే, సగం కొన్ని పెద్ద వానలు చూశాక. వాగుల పొడవు ముందు ఎంత, తర్వాత ఎంత అనే లెక్క పర్మిట్‌లో రాసి, ఆ లెక్క మీద రెండో సగం ఇవ్వాలి. కంపెనీల నగదు ఇరుక్కుపోతుందనీ, బాండ్ ఇచ్చే బీమా సంస్థలు రేటు పెంచుతాయనీ మా సీనియర్ అన్నారు. నిజమే. చిన్న కంపెనీ అయితే ఆ భారానికి మునిగి, కొండని మధ్యలో వదిలేసి పోయే ప్రమాదం కూడా ఉంది. అది నేను తేలిగ్గా కొట్టిపారేసే విషయం కాదు. ముక్కల నిష్పత్తి ఎంత ఉండాలన్న దానిమీద నా పట్టుదల లేదు. వాన చూడకుండా పెద్ద మొత్తం వదలకూడదన్న దానిమీద ఉంది.

బాండ్ విడుదలకి దరఖాస్తు వచ్చినప్పుడు పేపర్లో ప్రకటన వేయాలి. ఆ విడుదల వల్ల నష్టపోయేవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు, సమావేశం అడగవచ్చు. చట్టంలో ఉన్న ఈ ఏర్పాటు వాడుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారని సీనియర్‌ని అడిగాను. ఎప్పుడో ఒకసారి కింద లోయలో ఉండే పెద్దావిడ ఒకరు వచ్చారట. ఆమె దగ్గర నివేదికలూ లెక్కలూ ఏమీ లేవు. వాన వెలిసిన వెంటనే తన వంటింటి కిటికీలోంచి తీసిన ఫొటోలు తెచ్చారు. మెట్టు మెట్టుకీ మధ్య గోధుమరంగు చారలు, ఒక్కో ఫొటోలో ఒక్కోటి కాస్త పెద్దదవుతూ. అధికారులు కొండ మీదికి మళ్లీ వెళ్లారు. ఆ బెంచీని తవ్వి సరిచేసేదాకా విడుదల ఆపారు.

"డ్రాయింగులో వాగు లేని చోట ఆవిడ ఫొటోలో వాగు ఉందమ్మా" అన్నారు ఆయన.

ఇప్పుడు కొత్త సైట్ ఏది మొదలుపెట్టినా పాత మ్యాపు తెరిచి, అందులో వంకలున్న చోట నీలం గీతలు గీసుకుంటున్నాను. గోదాము ఎక్కడ పెట్టాలో తర్వాత చూస్తాను. మొన్నటి సైట్‌లో అలాంటివి మూడు వచ్చాయి. రెండింటిని ఉన్నచోటే ఉంచగలిగాను. మూడోది పార్కింగ్ కిందికి పైపులోకి వెళ్లింది, ఎంత ప్రయత్నించినా దారి దొరకలేదు.